డైరెక్ట్

జనవరి 11, 2007

కేబుల్ కంపెనీ వాళ్లిచ్చిన ఈ డైరీలో మొదటి పది పేజీలూ ఖాళీ. రాయదగ్గదేమీ జరగలేదు. ఇవాళ జరిగింది.

సిస్టర్ రోజలిన్ కబురు పెడితే ఆసుపత్రికి వెళ్లాను. కొండకర్ల దారిలో ఉన్న కాన్పుల ఆసుపత్రి. పదిహేనేళ్లుగా అక్కడి బోరు మోటారు, ఫ్యాన్లు, జనరేటరు అన్నీ నా చేతిమీదే నడుస్తున్నాయి. వరండాలో బీరువా అంత చెక్కపెట్టె దింపి ఉంది. విదేశాల్లో ఉన్న వాళ్ల దాతలు పంపారట.

"అల్లావుద్దీన్ గారూ, ఇది హీట్ పంపు. మీకు తెలుసా?" అని అడిగారు సిస్టర్.

పంపు అన్న మాట వినగానే తల ఊపాను. అనకాపల్లిలో ఇరవై రెండేళ్లుగా మోటార్లు చుడుతున్నవాణ్ణి. జెట్టు, మోనోబ్లాకు, సబ్‌మెర్సిబుల్, అన్నీ చూశాను. ఇదేదో వేడినీళ్లు తోడే పంపు అయి ఉంటుందనుకున్నాను. "తెలియకేం సిస్టర్" అన్నాను.

ఇంటికొచ్చి దాంతోపాటు ఇచ్చిన పుస్తకం తెరిచాను. తొంభై ఆరు పేజీలు, ఇంగ్లీషు. మూడో పేజీకొచ్చేసరికి అర్థమైందేమిటంటే, ఇది నీళ్లు తోడదు.

జనవరి 12

జుమ్మా నమాజు నుంచి వచ్చి డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ పీరాంబీ అన్నం పెట్టి, రెండుసార్లు పిలిచి, చివరికి వచ్చి నిలబడింది.

"టెన్తులో ఇలా సదివుంటే రెండుసార్లు రాసే పని లేకపోయేది" అంది.

నిజమే.

జనవరి 15

ఇప్పటికి తెలిసింది ఇది. భూమి లోపలి నీళ్లు ఎండాకాలమైనా చలికాలమైనా ఒకే వెచ్చదనంతో ఉంటాయి. ఒక బోరులోంచి మామూలు మోటారు ఆ నీళ్లు తోడి ఈ మిషన్‌లోకి పంపాలి. మిషన్ వాటిలోని వెచ్చదనం పీల్చుకుని, దాన్ని బాగా పెంచి, ట్యాంకులో ఉన్న నీళ్లకి ఎక్కిస్తుంది. వెచ్చదనం పోయిన బోరు నీళ్లు చల్లబడి రెండో బోరులోకి, మళ్లీ భూమిలోకి. కట్టె అక్కర్లేదు. బాలింతల స్నానాలకి, గుడ్డలుతకడానికి ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు.

సిస్టర్‌కి ఇదంతా చెప్పాను. ముందే తెలిసినవాడిలాగే చెప్పాను. చేసిన పని రోజూ ఆసుపత్రి పుస్తకంలో ఇంగ్లీషులో రాయమన్నారు, దాతలకి పంపాలట. అది నాలుగు ముక్కలు రాసేసరికి చెమట పడుతోంది. ఇంగ్లీషులో రానిది ఇక్కడ రాస్తాను.

జనవరి 27

రెండో బోరు వేశారు. రోజంతా రిగ్గు మోత.

ఆసుపత్రి వెనక రేకుల పాకలో అప్పలనర్సమ్మ ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా సరుగుడు కట్టెలతో మూడు కాగుల నీళ్లు కాచి బాలింతలకి పోయడం ఆవిడ పని. పొగకి కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. రిగ్గు దగ్గరకొచ్చి చాలాసేపు చూసింది.

"ఒక గోతిలో తోడి ఇంకో గోతిలో పోత్తారా? మీకేటీ పని లేదా బావూ?"

ఫ్రిజ్‌తో పోల్చి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"మా అమ్మాయింటికాడుంది. ఎనకాల సెయ్యెడితే కాలుద్ది. లోపలెట్టిన పాల ఏడంతా అక్కడికొచ్చేత్తాది. ఇదీ అంతేనా? బోరు నీళ్లు పాలన్నమాట."

అది అర్థం కావడానికి నాకు మూడు రోజులు, ఒక డిక్షనరీ పట్టాయి.

ఫిబ్రవరి 19

మిషన్ అమ్మిన కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి అరుణ్ కుమార్ అని ఇంజనీరు వచ్చాడు. మనిషి నెమ్మది. పైపులు, ఎర్తింగు, గ్యాసు ప్రెషరు అన్నీ చూశాడు. ఎర్తు గొయ్యి మళ్లీ తవ్వించాడు. నేను వేసిన వైరింగు బాగుందన్నాడు. ఆ మాట ఆసుపత్రి పుస్తకంలో కూడా రాశాను.

పోయేముందు ప్యానెల్ తెరిచి రెండు స్విచ్‌లు చూపించాడు. "సార్, ఈ మిషన్‌కి ప్రాణం ఇక్కడుంది. ఇది నీళ్లు వస్తున్నాయో లేదో చూస్తుంది. రాకపోతే మిషన్ ఆపేస్తుంది. ఇది లోపల నీళ్లు గడ్డకట్టేంత చల్లబడుతున్నాయేమో చూస్తుంది. చల్లబడితే ఆపేస్తుంది."

"గడ్డకట్టడమా? అనకాపల్లిలోనా?" అని నవ్వాను.

"మీ ఊరి చలి గురించి కాదు సార్. మిషన్ లోపలి చలి."

తల ఊపాను. నేను తల ఊపిన సందర్భాల గురించి రాయాలంటే వేరే డైరీ కావాలి.

ఫిబ్రవరి 22

గది గోడమీద పెయింటరు చేత నియమాలు రాయించాను. మిషన్‌తో వచ్చిన పుస్తకంలోంచి తీసి నేనే తెలుగు చేశాను.

ఒకటి. ముందు బోరు మోటారు వేయవలెను. రెండు. రెండు నిమిషాలాగి హీట్ పంపు వేయవలెను. మూడు. ఆపునప్పుడు ముందు హీట్ పంపు, పిదప బోరు మోటారు. నాలుగు. బోరు మోటారు ఆగిన వెంటనే హీట్ పంపు ఆపవలెను. అయిదు. మెకానిక్ తప్ప ఎవరూ ప్యానెల్ తెరవరాదు.

అయిదోది పుస్తకంలో లేదు. నేను చేర్చాను.

అదే పెయింటరు చేత షాపు బోర్డుమీద 'హీట్ పంపు స్పెషలిస్ట్' అని కూడా రాయించాను. జిల్లా మొత్తంమీద ఇంకో హీట్ పంపు ఉన్నట్టు నాకు తెలియదు.

ఫిబ్రవరి 26

మిషన్ చూసుకునే పని సిస్టర్ అప్పలనర్సమ్మకే ఇచ్చారు. పొయ్యిలు ఆర్పేశాం, ఇంక ఆవిడకి వేరే పనేముంది. ఆవిడకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బస్సు నంబర్లకోసం నేర్చుకుందట. గంటకోసారి రెండు మీటర్లు చూసి పుస్తకంలో రాయాలి. ఒకటి ట్యాంకు వేడి. రెండోది మిషన్‌లోంచి బయటికెళ్లే బోరు నీళ్ల చలువ.

"గోడమీద అన్నన్ని రాసేరు. నాకు సదవడం రాదు కదా. ఏటేటున్నాయి?" అని అడిగింది.

మొదటి మూడూ చెప్పాను. నాలుగోది చెప్పబోయి, "అది నువ్వు పట్టించుకోనక్కర్లేదమ్మా. నీళ్లు రాకపోతే మిషను దానంతటదే ఆగిపోద్ది" అన్నాను. తెలివైన మిషన్ అని చెప్పడం గొప్పగా అనిపించింది.

మార్చి 14

యాభై డిగ్రీల నీళ్లు. సిస్టర్ నలుగురినీ పిలిచి చూపించారు. నన్ను 'మా ఇంజనీరు గారు' అన్నారు. నేను కాదనలేదు.

అప్పలనర్సమ్మ కళ్ల ఎరుపు తగ్గింది.

ఏప్రిల్ 10

బోరులోంచి ఇసక వస్తోంది. వడపోత జాలీ పూడుకుపోతోంది. నీళ్లు తగ్గగానే స్విచ్ మిషన్‌ని ఆపేస్తోంది. ఇవాళ రెండుసార్లు వెళ్లాను.

ఏప్రిల్ 14

నాలుగుసార్లు. ఇక్కడ షాపు నిండా తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మోటార్లు. గానుగ సీజన్ అయిపోయింది, ఇప్పుడే కదా అన్నీ చుట్టించుకునేది.

ఏప్రిల్ 16

పొద్దున్నే ఫోన్. "ఇంజనీరు గారూ, బాలింతలు ఎదురుచూస్తున్నారు." వెళ్లి జాలీ కడిగి వచ్చేసరికి మళ్లీ ఫోన్. పెద్ద జాలీ హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను. వారం పట్టేలా ఉంది.

ఏప్రిల్ 17

చిన్న సర్దుబాటు చేశాను. ఆసుపత్రి పుస్తకంలోనూ అంతే రాశాను, మైనర్ ఎడ్జస్ట్‌మెంట్ అని.

ఏప్రిల్ 18

ఇక్కడ దాచడమెందుకు. ఆ రెండు స్విచ్‌లూ ఒకే లైన్లో ఉన్నాయి. రెండింటికీ కలిపి బెత్తెడు వైరు ముక్క కట్టాను. ఇంక అవి ఆపమన్నా మిషన్‌కి వినపడదు. మా పనిలో దీన్ని డైరెక్ట్ చేయడం అంటారు. చీడికాడ నుంచి మునగపాక దాకా ఏ రైతు మోటారు విప్పినా ఏదో ఒకటి డైరెక్ట్ చేసే ఉంటుంది. మోటారు కాలిపోకుండా ఆపే ప్రివెంటర్ ఊరికే ఆపేస్తుంటే వాళ్లే అంటారు, "డైరెక్ట్ సేసెయ్ అల్లావుద్దీనూ, నీరు తగలాల" అని. చేసేస్తాను. చేయని మెకానిక్ దగ్గరికి ఎవరూ రారు.

పెద్ద జాలీ రాగానే తీసేస్తాను. రెండు మూడు రోజులు.

ఏప్రిల్ 24

జాలీ రాలేదు.

ఏప్రిల్ 30

జాలీ వచ్చింది. రేపు వెళ్లి వేస్తాను.

మే 3

ఫ్యాక్టరీ వాళ్లు తొందరపెడుతున్నారు.

మే 8

హీట్ పంపు చాలా బాగా నడుస్తోంది. ఒక్కసారి కూడా ఆగలేదు. సిస్టర్ ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

మే 15

హీట్ పంపు పాడైంది. రేపు రాస్తాను.

మే 16

నిన్న పన్నెండున్నరకి కరెంటు పోయింది. జనరేటరు వేశారు. జనరేటరుకి ఆపరేషన్ గది, ఫ్యాన్లు, హీట్ పంపు కలిపి ఉన్నాయి. బోరు మోటారు లేదు, అది కలిపితే జనరేటరు లాగలేదు. కలిపినవాణ్ణి నేనే. నీళ్లు రాకపోతే స్విచ్ ఆపేస్తుంది కదా అనుకుని కలిపాను. స్విచ్‌ని డైరెక్ట్ చేసేటప్పుడు ఈ సంగతి గుర్తులేదు. డైరెక్ట్ చేసేటప్పుడు మనిషికి ఒకటే గుర్తుంటుంది, ఇంక ఫోన్ రాదని.

అంటే నీళ్లు కదలడం లేదు, మిషన్ మాత్రం వాటిలో ఉన్న వెచ్చదనం పీలుస్తూనే ఉంది.

కబురందుకుని నేను వెళ్లేసరికి ఒంటిగంటన్నర. బయట రోడ్డు తారు కరుగుతోంది. మిషన్ గది గుమ్మం దగ్గర ఇరవై మంది. లోపల పైపులు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. మంచు. మే నెలలో, అనకాపల్లిలో. ఒక బాలింత తల్లి చల్లబడుతుందని మజ్జిగ సీసా పైపుకి ఆనించి పట్టుకుంది. ఇంకొకావిడ కొంగుతో మంచు గీకి పిల్ల నుదుటిమీద రాస్తోంది. ఎవరో అడిగారు, "ఇదేటండీ, ఐసు మిషనా?" అని.

అప్పలనర్సమ్మ స్విచ్ కట్టేసి ఒక మూల నిలబడి ఉంది.

"తెల్లగవుతుంటే బయమేసి ఆపేసేను బావూ. ఆపొచ్చో ఆపకూడదో."

"మంచి పని చేశావు" అన్నాను. అందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. ప్యానెల్ తెరిచి ఆ వైరు ముక్క తీసి జేబులో వేసుకున్నాను. పని అయ్యాక నా సామాను నేను తెచ్చుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

మే 19

అరుణ్ కుమార్ వచ్చాడు. విప్పాడు. లోపల గొట్టాలు గడ్డకట్టి చీలిపోయాయి. నీళ్లు గ్యాసులోకి, గ్యాసుతోపాటు కంప్రెసర్‌లోకి. సగం మిషన్ మార్చాలి.

ఆ రెండు స్విచ్‌లూ పరీక్షించాడు. రెండూ శుభ్రంగా పనిచేస్తున్నాయి. తల గోక్కున్నాడు. "మరెందుకు ఆగలేదు సార్?"

"అదే నాకూ తెలీట్లేదు" అన్నాను.

అప్పలనర్సమ్మ పుస్తకం తెప్పించారు. గంటకోసారి రాయాల్సింది, ఆవేళ అయిదు నిమిషాలకోసారి రాసింది. పన్నెండు నలభైకి 23. నలభై అయిదుకి 16. యాభైకి 9. యాభై అయిదుకి 4. ఒంటిగంటకి 1. అంకెలు తిన్నగా, ఒకదానికింద ఒకటి.

"ఇలా పడిపోతుంటే ఆపాలి కదమ్మా" అన్నాడు అరుణ్ కుమార్.

"రాయమన్నారు, రాసేను. ఎంతకి పడితే ఆపాలో ఎవులు సెప్పేరు?"

సిస్టర్ గోడవైపు చూపించారు. నాలుగో నియమం. బోరు మోటారు ఆగిన వెంటనే హీట్ పంపు ఆపవలెను. నా తెలుగే. ఎర్ర పెయింటు.

అప్పలనర్సమ్మ గోడకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నేను పానాలు సర్దుకుంటున్నాను.

తప్పు ఆపరేటర్‌ది అని తేలింది. సిస్టర్ కోప్పడలేదు. ఈ మిషన్‌కి చదువు వచ్చినవాళ్లు కావాలన్నారు. నెలాఖరు దాకా కాగుల్లో నీళ్లు కాచి, ఒకటో తారీఖు నుంచి అప్పలనర్సమ్మ మానేయాలి.

నేను మెకానిక్‌ని. ఎవర్ని ఉంచాలో ఎవర్ని తీసేయాలో ఆసుపత్రి వాళ్లిష్టం.

మే 21

ఫ్యాన్ బాగుచేయడానికి ఆసుపత్రికి వెళ్లాను. పాకలో మూడు పొయ్యిలూ మండుతున్నాయి. ఎండ ఒకవైపు, మంట ఒకవైపు. అప్పలనర్సమ్మ కళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. వెనక గుమ్మంలోంచి రావలసింది, ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చాను. ఆ దారి నీడగా ఉంటుంది.

ఉండదు.

మే 23

అప్పలనర్సమ్మ షాపుకొచ్చింది. ఎప్పుడూ రాలేదు. స్టూలు వేస్తే కూర్చోలేదు. బోర్డు కింద నిలబడింది, హీట్ పంపు స్పెషలిస్ట్ అన్న అక్షరాల కింద. చదవడం రాదు కాబట్టి సరిపోయింది.

"బావూ, ఆ నాలుగోది ఓపాలి సదివి సెప్పండి."

గోడ ఇక్కడ లేదు. కంఠతా చెప్పాను.

"అది పట్టించుకోనక్కర్లేదు, దానంతటదే ఆగిపోద్దని మీరే సెప్పేరు."

"చెప్పేను."

"ఆ ముక్క సిస్టరమ్మతో అన్లేదు నాను. మీకు మాటొత్తాదని. మరది ఎందుకాగలేదు?"

"ఏమో."

"ఏమో అంటే ఎలాగ? మీరే కదా పెట్టేరు. అంతకుముందు ఆగేది కదా. రోజుకి నాలుగుసార్లాగేది, మీరొచ్చి తిట్టుకుంటా ఏసేవోరు. తరవాత ఆగడం మానేసింది. నానేదైనా ముట్టకూడనిది ముట్టేనేమో అని. గుడ్డెట్టి తుడిసేదాన్ని, దుమ్ముంటే. ఆ తుడవడంలో ఏదైనా కదిలిపోయిందంటారా?"

పీరాంబీ లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆవిడ తాగి గ్లాసు బోర్లించి పెట్టింది.

"తుడిస్తే ఏమీ అవదు" అన్నాను.

"మరి?"

"మళ్లీ చూస్తాను."

"సూడండి. ఉద్యోగం పోతే పోయింది. సంగతి తెలీకండా పోవడమే బాగోలేదు" అని వెళ్లిపోయింది.

మే 24

పదిహేనో తారీఖున ఒక ఫోన్ వచ్చింది. అది రాయలేదు. పన్నెండూ యాభైకి. అప్పలనర్సమ్మ, నా నంబరు తెలిసిన నర్సు చేత కొట్టించింది. "బావూ, సలువ మీటరు పడిపోతంది, తొమ్మిదికొచ్చేసింది" అంది. చేతిలో ఫ్యాక్టరీ మోటారు, సగం చుట్టిన తీగ. "ఏటీ కాదమ్మా, నడవనీ" అన్నాను.

తొమ్మిది దగ్గర ఆపి ఉంటే గొట్టాలు దక్కేవి.

మే 25

నిర్ణయం తీసుకున్నాను. జుమ్మా అయ్యాక నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఆఫీసు గదిలో పుస్తకం అడిగి, అక్కడే కూర్చుని ఇంగ్లీషులో రాశాను. ఐ డైరెక్టెడ్ ద సేఫ్టీ స్విచెస్ ఆన్ సెవెంటీన్త్ ఏప్రిల్. కింద సంతకం, తారీఖు. సిస్టర్ ప్రార్థనలో ఉన్నారు. పుస్తకం బల్లమీద పెట్టి వచ్చేశాను.

నిజం చెప్పేశాను. ఇంక వాళ్లేమన్నా పడతాను. రాత్రి రెండోసారి కూర వేయించుకున్నాను. "ఇన్నాళ్లకి మూతి తిన్నగయింది" అంది పీరాంబీ.

మే 28

సిస్టర్ పిలిచారు. కళ్లు దించుకుని వెళ్లాను. ఆవిడ లేచి నిలబడి కుర్చీ వేశారు.

"మీరు రాసింది చదివాను ఇంజనీరు గారూ. ఏప్రిల్‌లోనే మీరు సేఫ్టీ స్విచ్‌ల గురించి డైరెక్ట్ చేశారు. దగ్గరుండి చూసుకున్నారు. ఎంత జాగ్రత్త మీకు. ఆ వాక్యం దాతలకి పంపే రిపోర్టులో పెట్టాను."

సిస్టర్‌ది కేరళ. ఆవిడ ఇంగ్లీషు ఇంగ్లీషే. నాది మోటార్ల ఇంగ్లీషు.

"ఇంత చేసినా అప్పలనర్సమ్మ మీ మాట వినలేదు చూశారా. నాకు కొంచెం అనుమానంగా ఉండేది, పాపం తీసేయడం న్యాయమా అని. మీది చదివాక పోయింది."

తల ఊపాను.

మే 29

నిన్న తల ఊపాను.

మే 30

ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. నేను రాసేటప్పుడు డిక్షనరీ చూడలేదు. హీట్ పంపుకి చూశాను, కంప్రెసర్‌కి చూశాను, దీనికి చూడలేదు. ఆ మాటకి ఇంగ్లీషులో అర్థం వేరుగా ఉంటుందని నాకు బొత్తిగా తట్టలేదని రాద్దామని డైరీ తీశాను. కలం కదల్లేదు. సినిమాకి డైరెక్టర్ ఉంటాడని నాకు తెలియదా?

మే 31

పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లాను. అప్పలనర్సమ్మ మిషన్ గది తాళం, అంకెల పుస్తకం అప్పగించడానికి ఆఫీసులోనే ఉంది. ఆవిడ వెళ్లాక చెబుదామని గుమ్మంలో ఆగాను. సిస్టర్ చూసి రమ్మన్నారు.

తెలుగులో చెప్పాను. నీళ్లు రాకపోతే మిషన్‌ని ఆపే స్విచ్ ఉంది. అది పనిచేయకుండా నేను వైరు కట్టాను. రెండ్రోజుల్లో తీస్తానని నెల్లాళ్లు తీయలేదు. ఆవేళ అప్పలనర్సమ్మ ఫోన్ చేస్తే నడవనీ అన్నాను. తర్వాత ఎవరూ చూడకుండా వైరు తీసి జేబులో వేసుకున్నాను.

ఇంగ్లీషులో ఒక వాక్యం. తెలుగులో అయిదయ్యాయి.

సిస్టర్ ఆసుపత్రి పుస్తకం తెరిచి నా వాక్యం మీద వేలు పెట్టారు. "మరి డైరెక్ట్ అంటే?" అన్నారు.

"అదే సిస్టర్."

ఆవిడ అప్పలనర్సమ్మ వైపు తిరిగారు. నేను తిరగలేదు.

"అయితే నాను తుడవడంలో కదిలింది కాదన్నమాట" అంది అప్పలనర్సమ్మ.

"కాదు."

"పుస్తకంలో అంకెలూ తప్పు కాదు."

"కాదు."

"సరే. కాగులు మరుగుతన్నాయి, నానెళ్తాను సిస్టరమ్మా" అని వెళ్లిపోయింది. తాళం బల్లమీద ఉంది. వెనక్కొచ్చి తాళం తీసుకుని మళ్లీ వెళ్లింది.

సిస్టర్ నన్ను కూర్చోబెట్టి దాతలకి ఇంకో రిపోర్టు రాయించారు. నేను తెలుగులో చెప్పడం, ఆవిడ ఇంగ్లీషులో రాయడం. జేబులో వైరు దగ్గర ఆగి, "ఇది కూడా రాయాలి కదా?" అని అడిగారు. రాయాలన్నాను. సంతకం పెట్టాను. ఇంజనీరు గారూ అనలేదు. అల్లావుద్దీన్ గారూ అన్నారు. పేరు అదే కాబట్టి బాధపడటానికి వీల్లేకపోయింది.

జూన్ 4

ఆసుపత్రి నుంచి ఫోన్ లేదు. బోర్డుమీద చివరి లైను చెరిపించాను. పెయింటరు, "ఏం మామా, స్పెషలు అయిపోయిందా?" అన్నాడు.

జూన్ 21

ఫ్యాన్లు మాత్రం చూడమని సిస్టర్ కబురు పెట్టారు. వెళ్లాను. పాక ముందునుంచే వెళ్లాను. అప్పలనర్సమ్మ, "ఆ మూల ఫేను కిర్రుమంటంది, అదీ సూడండి" అంది. అంతే. ఇంకేమైనా అంటుందని కాసేపు అక్కడే తచ్చాడాను. కట్టెలకి అడ్డంగా ఉన్నాను, జరగమంది.

జూలై 12

చోడవరం నుంచి ఒక రైతు. ప్రివెంటర్ ఊరికే ఆపేస్తోంది, డైరెక్ట్ చేసెయ్యమన్నాడు. చేయనన్నాను. "ఏటీ, భక్తి పట్టిందేటి?" అని పక్క షాపుకి వెళ్లాడు. వాడు చేసిచ్చాడు.

ఆగస్టు 9

కొత్త భాగాలు వచ్చాయి. అరుణ్ కుమార్ వారం ఉండి అన్నీ బిగించాడు. నన్ను సాయం రమ్మన్నారు. రిపోర్టు అతనూ చదివాడు. పానా అందించమన్నప్పుడల్లా 'సార్' అనడం మానేశాడు.

పెద్ద జాలీ వేశాం, జనరేటరు లైన్లోంచి హీట్ పంపు తీసేశాం. చలువ మీటరు మీద అయిదు అంకె దగ్గర ఎర్ర గీత గీశాడు. దానికన్నా కిందికి వస్తే ఎవర్నీ అడక్కుండా ఆపేయాలని అప్పలనర్సమ్మకి చెప్పాడు.

"ఎవుర్నీ అడగను. అడిగితే నడవనీ అంటారు" అంది. నేను నట్టు బిగిస్తున్నాను. బిగిసిన నట్టే మళ్లీ బిగించాను.

సిస్టర్ ఒక కొత్త నియమం పెట్టారు. ప్యానెల్ తాళం అప్పలనర్సమ్మ దగ్గరే ఉంటుంది. మెకానిక్ అయినా ఇంజనీరైనా ముందు ఏం చేయబోతున్నాడో ఆవిడకి నోటితో చెప్పాలి. ఆవిడకి అర్థమైతేనే తాళం. నేను రాయించిన అయిదో నియమంమీద సున్నం వేసి అక్కడ ఇది రాయించారు.

ఆగస్టు 22

ప్యానెల్లో ఒక వైరు కొన వదులుగా ఉందనిపించి వెళ్లాను. అప్పలనర్సమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. తాళం కొంగున కట్టి ఉంది.

"ఏటి సేత్తారో సెప్పండి."

"ప్యానెల్ తెరుస్తాను. ఎడంపక్క మూడో వైరు వదులైంది. స్క్రూ బిగిస్తాను. మూసేస్తాను."

"ఓపాలి మళ్లీ సెప్పండి."

"ఇప్పుడే కదా చెప్పేను."

"ఇన్నాను. మళ్లీ సెప్పండి."

ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎండలో నిలబెట్టి పాఠం ఒప్పజెప్పించుకుంటోంది. సరే అనుకుని మొదలుపెట్టాను. ప్యానెల్ తెరుస్తాను. మూడో వైరు, స్క్రూ మీద డ్రైవరు పెట్టి, రెండో చేత్తో వైరు పట్టుకుని...

అక్కడ ఆగాను. పైన ఎర్ర దీపం వెలుగుతోంది. మిషన్ నడుస్తోంది, ఆ వైర్లో కరెంటు ఉంది. మెయిన్ ఆపడం గురించి నేను మొదటిసారీ చెప్పలేదు, రెండోసారీ చెప్పలేదు.

ఆవిడ తెలిసే అడిగిందో, ఊరికే అడిగిందో మొహంలో ఏమీ కనిపించలేదు.

వెళ్లి ముందు హీట్ పంపు, తర్వాత బోరు మోటారు, ఆ తర్వాత మెయిన్ ఆపి వచ్చాను. అప్పటికీ కొంగు ముడి విప్పలేదు.

"ఇప్పుడు మొదట్నించి సెప్పండి" అంది.

చెప్పాను.